చెట్టు తీసే పనిలో మనిషి ప్రాణం పోకూడదు

(పశ్చిమ ప్రకాశం రైతు, వ్యవసాయ కార్మిక కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన తరగతుల్లో ఎప్పుడూ వెలిగొండ నీళ్ల గురించి, కంది ధర గురించి, పొగాకు వేలం గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు మేము ఎత్తుకున్న విషయం చూసి కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. పెద్ద చెట్లను క్రేన్‌తో తీసేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలు. ఇది ఇంజినీర్లు చెప్పాల్సిన మాట కదా, రైతు సంఘానికి ఏం పని అని అడగవచ్చు. చేను మనది, మాను మనది, ఆ మాను కింద నిలబడే మనిషి మనవాడు. ఇంజినీరు ఆ చోటికి రాడు. అందుకే మనమే మాట్లాడుకోవాలి.

మన ప్రాంతంలో ఈ పని పెరిగింది. అనంతపురం నుంచి గుంటూరు పోయే 544డి జాతీయ రహదారి గిద్దలూరు, కంభం మీదుగా పోతుంది. నకిరేకల్ నుంచి ఏర్పేడు పోయే 565 రహదారి యర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి మీదుగా పోతుంది. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం రెండో లైను దొనకొండ, మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు దారిలోనే. రోడ్డు వెడల్పు చేసినచోటల్లా ముందు పోయేది చింత, వేప, రావి, మర్రి. ఇక చేలల్లో చూస్తే, బోర్లు ఎండి బత్తాయి తోటలు తీసేసిన రైతులున్నారు. సుబాబుల్, జామాయిల్ కొట్టించేవాళ్లున్నారు. ఇల్లు కట్టుకునేందుకు గడపలోని వేపమాను తీయించేవాళ్లున్నారు.

వెనకటికి పెద్ద మాను తీయాలంటే గొడ్డళ్లు, రంపాలు, మోకులు పట్టుకుని పదిమంది రెండు మూడు రోజులు పనిచేసేవాళ్లు. ఇప్పుడు కటింగ్ మిషను, హైడ్రా క్రేను వస్తే పూట పని. పని తొందరగా అవుతోంది, నిజమే. తొందరలో పొరపాటును దిద్దుకునే వ్యవధి కూడా పోయింది. గొడ్డలి జారితే కాలు తెగేది. రెండు టన్నుల మొద్దు జారితే మనిషే మిగలడు.

మార్కాపురం పలకల గనులను చూసిన ప్రాంతం మనది. ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లను చూసినవాళ్లం. ‘పని అన్నాక దుమ్ము తప్పదు’ అన్నారు ఆ రోజుల్లో. ఆ జబ్బుకు సిలికోసిస్ అని పేరుంది. నీళ్లు పట్టి రాయి కోస్తే దుమ్ము అణుగుతుంది, జబ్బును చాలావరకు ఆపవచ్చు. అంటే తప్పదన్నది తలరాత కాదు, ఖర్చు పెట్టకపోవడం. చెట్ల పనిలోనూ అంతే. ‘రాత బాగాలేదు’ అనే మాట వినపడినప్పుడల్లా, ఎవరు ఏ ఖర్చు మిగుల్చుకున్నారని మనం అడగాలి.

తీయాలా వద్దా ముందు తేల్చుకోండి

అన్నిటికంటే క్షేమమైన పని, తీయనవసరం లేని చెట్టును తీయకపోవడం. ఇంటి మీదికి ఒక కొమ్మ వాలిందని మాను మొత్తం నరికిస్తున్నారు. ఆ కొమ్మ కొట్టిస్తే చాలు. మనలాంటి వాన తక్కువ ప్రాంతంలో చింత కాపుకు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి.

తీయక తప్పదనుకుంటే, ఆ చెట్టు ఎవరిదో చూడండి. రోడ్డు పక్క చెట్టు మన చేనుకు ఆనుకుని ఉన్నా మనది కాదు. సొంత చేనులోని చెట్టుకు కూడా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం వర్తిస్తుంది. మనం వాల్టా అంటామే, అదే. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ వంటి తోట చెట్లకు ఒక పద్ధతి, చింత, వేప వంటివాటికి ఒక పద్ధతి. అటవీ శాఖ వాళ్లను అడిగి కాగితం తీసుకున్నాకే మిషను పిలవండి. నల్లమల అంచు గ్రామాల వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ హద్దురాయికి ఇటు ఒక చట్టం, అటు ఒక చట్టం.

భూసేకరణలో పోయే చెట్ల విషయం ఒకటి గుర్తుంచుకోండి. 2013 నాటి భూసేకరణ చట్టం 29వ సెక్షను ప్రకారం చెట్ల విలువ కట్టడానికి కలెక్టరు వ్యవసాయ, అటవీ, ఉద్యాన రంగాల్లో అనుభవమున్నవారి సాయం తీసుకోవచ్చు. చెట్టు జాతి, చుట్టుకొలత, వయసు, కాపు, అన్నీ పంచనామాలో ఎక్కిన తర్వాతే కోత మొదలుకావాలి. ఏటా కాపు ఇచ్చే చింతకు కట్టెల ధర కట్టి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోవద్దు. ముందు కొట్టేసి తర్వాత లెక్కలు చూద్దామంటే అసలే ఒప్పుకోవద్దు. నిలబడ్డ చెట్టే సాక్ష్యం.

మాను బరువు మనమే లెక్క కట్టవచ్చు

క్రేన్ బోల్తాపడటానికి మూలం చాలాసార్లు ఒక్కటే. ఎత్తే బరువు ఎంతో అక్కడున్న ఎవరికీ తెలియదు. ‘ఓ టన్ను ఉంటుందిలే’ అంటారు. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు.

లెక్క కష్టం కాదు. మొద్దు మధ్యలో తాడు చుట్టి చుట్టుకొలత అడుగుల్లో తీయండి. దాన్ని దానితోనే గుణించండి. వచ్చినదాన్ని పొడవుతో గుణించి 12.5తో భాగించండి. ఘనపుటడుగులు వస్తాయి. పచ్చి చింత అయితే ఘనపుటడుగుకు 35 కిలోలు పట్టుకోండి. ఉదాహరణకు 6 అడుగుల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు. ఆరు ఆర్ల 36, పదితో గుణిస్తే 360, భాగిస్తే 28.8 ఘనపుటడుగులు. 35 కిలోల చొప్పున వెయ్యి కిలోలు పైన. ఒక టన్ను. అదే పొడవు, చుట్టుకొలత 9 అడుగులైతే? 2,268 కిలోలు. లావు ఒకటిన్నర రెట్లయితే బరువు రెండింతలు దాటింది. కళ్లు మోసపోయేది ఇక్కడే.

కలప కొనేవాళ్ల లెక్కను దీనికి వాడొద్దు. వాళ్లు చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. పైన చెప్పిన మొదటి మొద్దుకు ఆ లెక్కన 22.5 ఘనపుటడుగులే వస్తాయి. అసలు కలపలో ఐదో వంతుకు పైగా లెక్కలోకి రాదు. చెక్కు, పొట్టు, కోత నష్టం పోతుందని వాళ్ల వాదన. బేరంలో ఆ వాదన సంగతి మనం చూసుకుందాం. క్రేన్ కొక్కేనికి మాత్రం చెక్కు, పొట్టు, ఆకు, పచ్చిదనం అంతా బరువే. వేరుతో పాటు ఎత్తితే మట్టి కూడా బరువే.

12 టన్నుల క్రేన్ 12 టన్నులు ఎత్తదు

మన ఊళ్లకు ఎక్కువగా వచ్చేది హైడ్రా. దాని మీద 12 అనో 14 అనో రాసి ఉంటుంది. ఆ అంకె చూసి ధైర్యపడొద్దు. బూమ్ పూర్తిగా ముడుచుకుని, బరువు బండికి బాగా దగ్గరగా, నేల చదునుగా, గట్టిగా ఉన్నప్పటి మాట అది. మన తాతలు ఏతాం తొక్కారు. దూలం మీద మనిషి కొసకు పోయేకొద్దీ ఏతాం ఎలా మొగ్గేదో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. క్రేను అదే ఏతాం. బరువు ఎంత దూరాన వేలాడితే బండిని అంత ముందుకు మొగ్గిస్తుంది. దూరం రెండింతలయితే ఎత్తే శక్తి సగానికి, ఇంకా కిందికి పడిపోతుంది. బూమ్ సొంత బరువు కూడా దూరం పోతుంది కదా.

ప్రతి క్రేనుకు బరువుల పట్టిక ఉంటుంది. ఎంత బూమ్‌కు, ఎంత దూరంలో, ఎంత ఎత్తవచ్చో అందులో ఉంటుంది. ‘బాబూ, పట్టిక చూపించు’ అని అడగడం మొదటి పని. లేదంటే ఆ బండిని వెనక్కి పంపండి. చెట్టు పనిలో పట్టిక చూపిన బరువులో సగానికి మించి ఎత్తవద్దని మేము చెబుతాం. ఇనుప దూలం బరువు కచ్చితంగా తెలుస్తుంది. చెట్టు బరువు ఎంత లెక్కకట్టినా అంచనాయే.

హైడ్రాకు ఇంకో గుణముంది. బరువు పట్టుకుని నడుస్తుంది. చాలావాటికి నేల మీద ఆనించే జాకీలు ఉండవు, టైర్ల మీదే నిలబడాలి. నడుము విరిచి పక్కకు తిరిగినప్పుడు నిలకడ ఇంకా తగ్గుతుంది. ముందు మొద్దు వేలాడుతుంటే డ్రైవరుకు దారి కనపడదు. అలాంటప్పుడు మొద్దు ఊగకుండా చేత్తో పట్టుకుని బండి ముందు వెనక్కి వెనక్కి నడిచే కుర్రాడిని మీరంతా చూసే ఉంటారు. కాలికి రాయి తగిలి పడితే బండి అతని మీద నుంచే పోతుంది. ఆ కుర్రాడు అక్కడ ఉండకూడదు. మొద్దుకు రెండు పక్కలా పొడవాటి తాళ్లు కట్టి, దూరంగా, పక్కల నుంచి పట్టుకోవాలి. బరువును నేలకు అడుగెత్తులోనే ఉంచి నడపాలి.

నేల సంగతి మనకే తెలుసు

ఆపరేటరుకు యంత్రం తెలుసు, నేల తెలియదు. అది మనం చెప్పాలి. ఎక్కడ పాత బావి పూడ్చారో, ఎక్కడ మరుగుదొడ్డి గుంట ఉందో, ఏ కల్వర్టు బలహీనమో, ఏ గట్టు మొన్న పోసిన మట్టో ఊరివాడికే తెలుసు. వాన పడ్డ నల్లరేగడిలో, దున్నిన చేలో బరువు ఎత్తించవద్దు. బావి గానీ గుంట గానీ దగ్గరుంటే దాని లోతు ఎంతో కనీసం అంత దూరంలో టైరు ఉండాలి. 30 అడుగుల బావి అంచున 10 అడుగుల్లో బండి పెడితే ఒడ్డు విరిగి బండి, మాను, మనిషి అన్నీ లోపలికి పోతాయి. జాకీలున్న క్రేన్ అయితే వాటి కింద లావాటి చెక్క దిమ్మెలు వేయాలి. రాళ్లు పేర్చి సరిపెట్టవద్దు, రాయి పగులుతుంది, జారుతుంది.

బెల్టు

బరువును పట్టేది క్రేనే కాదు, బెల్టు కూడా. బెల్టు మీద చీటీ కుట్టి ఉంటుంది, ఎంత మోస్తుందో రాసి ఉంటుంది. రంగులు కూడా ఉంటాయి. ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3, బూడిద 4, ఎరుపు 5. రంగు చూసి నమ్మకుండా చీటీ చదవండి. చీటీ పోయిన బెల్టు, అంచు తెగిన బెల్టు, ముడి వేసిన బెల్టు వాడొద్దు. లారీ లోడు కట్టే గొలుసు, బోరు మోటారు దించే తాడు, కొబ్బరి మోకు ఈ పనికి రావు.

ఉచ్చులా బిగిస్తే బెల్టు బలం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. రెండు బెల్టులతో ఎత్తేటప్పుడు కోణం చూడాలి. రెండు టన్నుల మొద్దును రెండు బెల్టులు నిలువుగా పట్టుకుంటే ఒక్కోదానికి ఒక టన్ను. వాటి కాళ్లు బాగా విడిపోయి, కొక్కెం దగ్గర మధ్య కోణం 120 డిగ్రీలకు వస్తే ఒక్కో బెల్టు మీద రెండేసి టన్నులు పడతాయి. మొద్దు బరువు పెరగలేదు, కట్టు తీరు మారిందంతే. అందుకే పొడవైన బెల్టులు తెచ్చి కోణం తక్కువగా ఉంచాలి. నున్నని మాను మీద బెల్టు జారుతుంది కాబట్టి బెల్టు కొమ్మ మోడుకు కింద పడేలా కట్టాలి. ముందు జానెడు ఎత్తి ఆపి, కట్టు చూసుకుని, తర్వాతే పైకి ఎత్తాలి.

నిలబడ్డ మానును క్రేన్‌తో పెరికించవద్దు

ఇది మేము గట్టిగా చెప్పే మాట. క్రేన్ ఉన్నది నిలువుగా ఎత్తడానికి. పక్కకు లాగడానికి కాదు, వేళ్లతో పెరకడానికి అసలే కాదు. వేరు నేలను ఎంత పట్టుకుందో లెక్కకట్టే పట్టిక ప్రపంచంలో లేదు. లాగుతూ పోతే బండి వెనక టైర్లు లేస్తాయి. హఠాత్తుగా వేరు తెగితే ఆ విసురుకు బూమ్ వెనక్కి తన్నుతుంది, బెల్టు తెగి కొరడాలా వస్తుంది. వేరు మొద్దును జెసిబితో చుట్టూ తవ్వి, వేళ్లు కోసి, విడిపోయిందని తేలాకే ఎత్తాలి.

మానును పైనుంచి ముక్కలుగా దించాలి. కోసేముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మాను లోపల తొర్ర ఉందా? గొడ్డలి మడమతో కొడితే డొల్ల శబ్దం చెబుతుంది. చెదలు పట్టిందా? ఎటు వాలింది? పెద్ద తేనెపట్టు ఉందా? పైనున్న మనిషిని ఈగలు చుట్టుకుంటే మిషను వదిలేస్తాడు, పట్టు తప్పుతాడు. గ్రామదేవత చెట్టయితే ఇంకోటి. ఏళ్ల తరబడి కొట్టిన మేకులు, గంటల గొలుసులు, తీగలు మాను పెరిగి లోపలికి మింగేస్తుంది. రంపం గొలుసు మేకును తాకితే తెగి మొహం మీదికి వస్తుంది. హెల్మెట్, కళ్లద్దం, గట్టి బూట్లు లేకుండా మిషను పట్టనివ్వవద్దు.

కొమ్మకు బెల్టు కట్టాక క్రేన్ దాని బరువు మేరకే బిగువు పట్టాలి. ఎక్కువ లాగితే తెగగానే పైకి ఎగురుతుంది. తక్కువైతే కిందికి జారి బూమ్‌ను గుంజుతుంది. కోసే మనిషి తన తాడును మానుకే కట్టుకోవాలి, తీసే కొమ్మకు కాదు. కోత చివరికి రాగానే పక్కకు తప్పుకోవాలి. కొక్కేనికి వేలాడి పైకి పోవడం, మొద్దు మీద కూర్చుని కిందికి రావడం హుషారు అనుకుంటున్నారు. సంఘం సభ్యుడెవరూ ఆ పని చేయకూడదు, చేయనివ్వకూడదు.

కరెంటు తీగ

మన చేలల్లో 11 కె.వి. లైను లేని చోటు తక్కువ. బూమ్ తీగను తాకనక్కరలేదు, దగ్గరికి పోతే చాలు, కరెంటు దూకుతుంది. లైనుకు, బూమ్‌కు గానీ బెల్టుకు గానీ కొమ్మకు గానీ కనీసం 10 అడుగుల ఎడం ఉండాలి. 33 కె.వి., ఆపై లైన్లకు ఇంకా ఎక్కువ ఎడం పెట్టుకోవాలి. ఆ ఎడం కుదరకపోతే లైన్‌మన్ చేత ఎల్.సి. తీయించి, లైను ఎర్త్ చేయించాకే పని. ‘త్రీఫేజు పోయిందిలే, మోటార్లు ఆగినాయిగా’ అని చెట్టు ఎక్కేవాళ్లు ఉన్నారు. వ్యవసాయ కరెంటు తొమ్మిది గంటలు అయిపోయినంత మాత్రాన తీగ చచ్చినట్టు కాదు. ఒక ఫేజు ఉండవచ్చు, ఏ నిమిషంలోనైనా మళ్లీ రావచ్చు. ఫోన్‌లో ‘తీసేశాం అన్నా’ అంటే చాలదు, లైన్‌మన్ ఎదురుగా ఉండాలి.

పొరపాటున బూమ్ తీగకు తగిలితే ఆపరేటరు కేబినులోనే ఉండాలి. కిందనున్నవాళ్లు బండిని తాకకూడదు, దగ్గరికి పోకూడదు. 1912కు ఫోన్ చేసి లైను ఆపించాలి. మంటలు లేచి దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లు కలిపి దూకి, కాళ్లు విడదీయకుండా చిన్నగా ఈడ్చుకుంటూ దూరం పోవాలి. కాపాడబోయి బండి పట్టుకున్నవాడు రెండో శవం అవుతాడు.

ఒక్కడే సైగ చేయాలి, ‘ఆపు’ అనవద్దు

క్రేన్ దగ్గర పదిమంది పది మాటలు అరుస్తారు. సైగ చేసే మనిషి ఒక్కడే ఉండాలి, ఆపరేటరు కళ్లు అతని మీదే ఉండాలి. అతను కనపడకపోతే పని ఆగిపోవాలి. ‘నిలుపు’ అనే సైగ మాత్రం ఎవరైనా చేయవచ్చు, చిన్నపిల్లవాడు చేసినా ఆపాల్సిందే.

మాటలో ఒక ప్రమాదం ఉంది. ఆపరేటర్లలో ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. మనం కంగారులో ‘ఆపు, ఆపు’ అని అరుస్తాం. ఇంజిను మోతలో అతనికి అది ‘అప్, అప్’ అని వినపడుతుంది. ‘ఊపర్’ అన్నట్టూ వినపడవచ్చు. మనం నిలపమంటే అతను పైకి ఎత్తుతాడు. అందుకే పని మొదలుకాకముందే ఆపరేటరుతో కూర్చుని చేతి సైగలు ఖాయం చేసుకోండి. నోటిమాట కావాలంటే ‘స్టాప్’ అనండి, ఈల వేయండి.

ఇక జనం. చెట్టు పడుతోందంటే మేకలవాళ్లు రొట్టకు వస్తారు, ఆడవాళ్లు పుల్లలకు వస్తారు, పిల్లలు వేడుక చూడటానికి వస్తారు. కరువు ప్రాంతంలో వేప రొట్ట, ఎండు పుల్లలు ఊరికే పోనిచ్చే వస్తువులు కావు. వాళ్లను కసిరితే పోరు, ఇటు తరిమితే అటు వస్తారు. మేము చెప్పే ఉపాయం ఒక్కటే. ముందే మాట ఇవ్వండి. ‘పని ముగిసి ఈల వేశాక గంటసేపు రొట్ట, పుల్లలు మీవే’ అని. అప్పుడు వాళ్లే ఒకరినొకరు ఆపుకుంటారు. మాను ఎత్తుకు రెండింతల దూరంలో నాలుగు వైపులా తాడు కట్టండి. రోడ్డు పక్కనైతే రెండు వైపులా ఎర్రగుడ్డతో మనిషిని పెట్టండి. వేలాడే బరువు కింద ఎవరూ నిలబడకూడదు, నడవకూడదు. రోహిణి కార్తెలో గాలిదుమారం చెప్పి రాదు. చిటారు కొమ్మలు ఊగడం మొదలైతే బరువు దించి పని నిలపండి. పొద్దుగూకాక లైట్ల వెలుగులో చేయించవద్దు.

గాలివానకు పడ్డ మాను

2014లో హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో, 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటి ఏం చేసిందో చూశాం. పడిపోయిన చెట్టు ఇక ఏం చేస్తుందిలే అనుకుంటాం. నిలబడ్డ చెట్టు కంటే అదే మోసకారి. వంగిన కొమ్మ బిగదీసిన విల్లు లాంటిది, కోయగానే తన్నుతుంది. వేళ్లు లేచి మాను అడ్డంగా పడి ఉంటే, మానును కోయగానే బరువు తగ్గి వేరు దిమ్మె మళ్లీ గుంటలోకి నిలువుగా లేచి కూర్చోవచ్చు. ఆ గుంటలో పిల్లలు ఆడుకుంటున్నారేమో చూడండి. ముందు వేరు దిమ్మెను క్రేన్ బెల్టుతో పట్టించి, తర్వాతే మాను కోయాలి.

నాటుకోవడానికి ఎత్తే చెట్టు

హైదరాబాదు–బీజాపూర్ రోడ్డులో చేవెళ్ల మర్రిచెట్ల కోసం జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. మన రోడ్ల మీద కూడా కొన్ని రావి, మర్రి చెట్లను నరకకుండా వేరేచోట నాటమని అడగవచ్చు. అడగాలి కూడా. కానీ అది హైడ్రాతో ఒక పూటలో అయ్యే పని కాదు. ముందు కొమ్మలు తగ్గించి, చుట్టూ కందకం తవ్వి, కొన్ని వారాలు కొత్త వేళ్లు రానిచ్చి, మట్టి గడ్డను గోనెపట్టాతో కట్టి, అప్పుడు ఎత్తాలి. 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు మట్టి గడ్డ 113 ఘనపుటడుగులు. తడి మట్టి ఘనపుటడుగుకు 48 కిలోల చొప్పున 5 టన్నులు దాటుతుంది. చెట్టు బరువు దానిపైన. బెల్టు మట్టి గడ్డకు పడాలి. మానుకు మాత్రమే కట్టి లాగితే చెక్కు ఒలిచిపోయి నాటినా బతకదు.

కాగితం లేని పని చేయవద్దు

చివరగా అసలు మాట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం బరువులెత్తే యంత్రాన్ని ఏడాదికి ఒకసారైనా సమర్థుడి చేత పూర్తిగా పరీక్షించాలని చెప్పింది. అదే యంత్రం మన చేలోకి వచ్చేసరికి అడిగేవాడు లేడు. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి ప్రాణం ఒక రేటు, చేలో పనిచేసే మనిషి ప్రాణం ఇంకో రేటా? అందుకే మనమే అడగాలి. బండి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ఆపరేటరు లైసెన్సు, పరీక్ష పత్రం, ఈ నాలుగూ చూపించాలి. ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

గుత్త పనిలో కాంట్రాక్టరు ఒకడు, సబ్ కాంట్రాక్టరు ఒకడు, మేస్త్రీ ఒకడు. ప్రమాదం జరిగాక ‘వాడు నా మనిషి కాదు’ అని ముగ్గురూ అంటారు. పనికి ముందే పేర్లు, కూలి, ఎవరు పెట్టుకున్నారో ఒక తెల్లకాగితం మీద రాయించి సంతకాలు తీసుకోండి. పనిలో దెబ్బతిన్న కూలికి పరిహారం ఇవ్వాలన్న చట్టం 1923 నుంచీ ఉంది. చట్టాల పేర్లు మారుతున్నాయి, కోడ్‌లు వస్తున్నాయి. పరిహారం అడిగే దారి మాత్రం మూసుకుపోలేదు. ఆ కాగితం ఉంటే కార్మిక శాఖ ముందు నిలబడగలం. లేకపోతే కూలి భార్య ఆఫీసుల చుట్టూ తిరగాలి. 18 నుంచి 70 ఏళ్ల మధ్యవాళ్లు బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టి ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరండి, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. అది కాంట్రాక్టరు ఇవ్వాల్సినదానికి బదులు కాదు, దానికి అదనం.

దెబ్బ తగిలితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తిపట్టి 108కి ఫోన్ చేయండి. మొద్దు కింద పడ్డ మనిషిని నడుం పట్టుకుని ఎత్తి ఆటోలో కుదేయవద్దు. పని మొదలుపెట్టే ముందే అనుకోండి, ఇక్కడి నుంచి ఆసుపత్రి ఎంత దూరం, ఏ బండి సిద్ధంగా ఉంది అని.

మిత్రులారా, సంఘం తరఫున మేము మూడు తీర్మానాలు మీ ముందు పెడుతున్నాం. ఒకటి, రోడ్డు, రైలు పనుల్లో చెట్లు తీసే ప్రతి చోటా ఆపరేటరు, సైగలు చేసే మనిషి, బాధ్యుడైన ఇంజినీరు ముగ్గురూ ఉండాలని అధికారులకు వినతిపత్రం ఇవ్వాలి. రెండు, ప్రతి గ్రామ శాఖలో ఇద్దరు యువకులు ఈ బరువు లెక్క, బెల్టు లెక్క, సైగలు నేర్చుకుని, ఊళ్లో చెట్టు పని జరిగినప్పుడల్లా అక్కడ నిలబడాలి. మూడు, కాగితం చూపించని బండికి మన చేలో దారి ఇవ్వకూడదు.

మూడోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చేను గేటు మన చేతిలోనే ఉంది. ‘ఎక్కువ అడిగితే వేరే ఊరు పోతాం’ అని బండివాళ్లు బెదిరిస్తారు. అన్ని ఊళ్లూ ఒకే మాట మీద ఉంటే వాళ్లు ఎక్కడికి పోతారు? ధర కోసం కలిసి నిలబడటం మనకు తెలుసు. ప్రాణం కోసం కూడా అలాగే నిలబడదాం.

ఇక మీ అనుభవాలు చెప్పండి, ప్రశ్నలు అడగండి. సెలవు.